అంతోనివారి ఖాళీ చెయ్యి

మా విచారణకు, అంటే మా చర్చి పరిధికి, కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు నన్ను నాలుగు పేజీలు రాసిమ్మని అడిగారు. కృష్ణా జిల్లా మనిషి, చిన్న వయసు, ప్రతిదానికీ ఒక ఫైలు ఉండాలనుకునే రకం. "మన ప్రాంతంలో పునీత అంతోనివారి భక్తి ఎలా వచ్చింది, ఎలా పెరిగింది, అంతే టీచర్‌గారూ. జూన్‌లో పండుగకి చిన్న పుస్తకం వేద్దామండీ. మీకంటే బాగా రాసేవాళ్ళు ఇక్కడెవరున్నారు?" అన్నారు. పొగిడితే నేను లొంగిపోతానని ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. లొంగిపోయాను.

బడి నుంచి వచ్చి, ఉరవకొండలో మా ఇంట్లో తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది, నా దగ్గర రాయడానికేమీ లేదని. నేను పుట్టిన ఊరు విడపనకల్లు దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. అక్కడి గుడి గురించి ఏ రిజిస్టరులోనూ రెండు ముక్కలకు మించి లేదు. చరిత్రంతా మా అమ్మ నోట ఉండేది. ఆ అమ్మ ఇప్పుడు పక్క గదిలో మంచం మీద కూర్చుని, "ఏమ్మా, ఈ ఇల్లు ఎవురిది?" అని నన్నే అడుగుతోంది. నాదేనమ్మా, నీ కూతురిది అని రోజుకు పదిసార్లు చెబుతాను. "మంచిదానివి తల్లీ, చోటిచ్చినావు" అంటుంది. అనిపించుకోవడం అలవాటైంది.

ఫాదర్‌గారు ఇచ్చిన పుస్తకాల్లోని అంతోనివారు వేరు. ఆయన పోర్చుగల్‌లో పుట్టాడు, ఇటలీలో కన్నుమూశాడు, గొప్ప బోధకుడు. ఆయన ప్రార్థన పుస్తకాన్ని ఎవరో ఎత్తుకుపోతే ఆయన ప్రార్థించాడనీ, ఎత్తుకుపోయినవాడే తిరిగి తెచ్చిచ్చాడనీ చెబుతారు. అందుకే పోయిన వస్తువు కోసం లోకమంతా ఆయన్ని వేడుకుంటుంది. ఆయన్ని సమాధి చేసింది మంగళవారం కాబట్టి మంగళవారం ఆయన రోజు. బాలయేసు కనిపించి ఆయన చేతుల్లోకి వచ్చాడంటారు, అందుకే విగ్రహంలో చేతి మీద బిడ్డ ఉంటాడు. ఇదంతా బాగానే ఉంది.

మా ఊరి అంతోనిసామికి మాత్రం ఇటలీతో పనిలేదు. ఆయన బళ్ళారి నుంచి ఎద్దుల బండి మీద వచ్చాడు. మా అవ్వ పుట్టకముందు ఒక పెద్ద కరువులో ఒక దొరసామి, అంటే తెల్ల ఫాదరు, గుర్రం మీద వచ్చి ఊరికి గంజి పోయించాడట. కరువు తీరాక ఈ విగ్రహాన్ని తెప్పించాడట. జొన్న సొప్పలో పొదిగిన పెట్టె తెరిచి చూస్తే సామి ఒకవైపు, బిడ్డ ఒకవైపు ఉన్నారు. దారిలో విరిగిందనుకుని ఆడవాళ్ళు గొల్లుమన్నారట. విరగలేదు. బిడ్డను వేరుగానే చేశారు. సామి ఎడమ చేతిలో ఇనప చీల ఉంది, బిడ్డ కింద బెజ్జం ఉంది. గుచ్చితే కూర్చుంటాడు, లాగితే వచ్చేస్తాడు. మా ఊరి భక్తి చరిత్రంతా ఆ చీల చుట్టూనే తిరిగింది. దీన్ని ఫాదర్‌గారి పుస్తకంలో ఎలా రాసేది?

పుస్తకాల్లో అంతోనివారి రొట్టె అంటే గోధుమ రొట్టె. మాకు జొన్న రొట్టె, పైన ఇంత శనక్కాయల కారం. ప్రతి మంగళవారం నవేనా ప్రార్థనలు అయ్యాక గుడి మెట్ల మీద పంచుతారు. గొర్రెలు కాసేవాళ్ళు కూడా వచ్చి తినిపోతారు. వాళ్ళు మన గుడి మనుషులు కారు, అయినా గొర్రె తప్పిపోతే ఒక తాడుముక్క తెచ్చి గుడి కిటికీ ఊచకు కట్టి, "అంతోని సామీ, నీదే బారం" అని పోతారు. గొర్రె దొరికితే వచ్చి విప్పుకుంటారు. దొరకని గొర్రెల తాళ్ళు ఎండకు రంగుపోయి అలాగే వేలాడుతుంటాయి. చిన్నప్పుడు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి వాటినే చూసేదాన్ని. ఇన్ని గొర్రెలు ఎక్కడికి పోయుంటాయా అని నాకు ఒకటే బెంగగా ఉండేది.

గొర్రెకు తాడు సరిపోతుంది. మనిషి తప్పిపోతే వేరే పద్ధతి ఉంది. ఆ కరువు వెనకే ఎప్పుడో, ఒకామె కొడుకు బళ్ళారి వైపు కూలికి పోయి తిరిగి రాలేదట. ఎదురుచూసి ఎదురుచూసి విసిగి, ఆమె గుడికొచ్చి సామి చేతిలోని బిడ్డను పెరికి కొంగులో చుట్టుకుని ఇంటికి పోయిందట. "నా బిడ్డను తెచ్చియ్యి, నీ బిడ్డను తీసుకో" అందట. రెండు మంగళవారాలు తిరక్కుండానే కొడుకు వచ్చాడని మా అవ్వ చెప్పేది. అప్పటినుంచి అది ఊరి ఆనవాయితీ అయింది. దానికి మూడు కట్టుబాట్లు. బిడ్డను ఎక్కడ దాచిందీ ఎవరికీ చెప్పకూడదు. పోయిన మనిషి ఇంటికి రాకుండా బిడ్డను తిరిగి ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు తీసిన చెయ్యే పెట్టాలి, ఇంకొకరి చెయ్యి పనికిరాదు.

వచ్చిన ప్రతి ఫాదరూ దీన్ని తిట్టారు. నా చిన్నతనంలో ఒకాయన బిడ్డను చీలకు సిమెంటుతో అతికిస్తానని మేస్త్రీని పిలిపించాడు. సిమెంటు కలిపేలోపే ఆయనకు బదిలీ కాగితం వచ్చింది. అది సామి పనేనని ఊళ్ళో అందరూ నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో మా అమ్మే ముందు.

ఇంక మా అన్న సంగతి చెప్పాలి. అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బోరు లారీలో పనిచేసేవాడు. ఊరూరా తిరిగి నేలకు బొక్కలు పెట్టి నీళ్ళు తెప్పించేవాడు. మా చేనులో మాత్రం రెండు చోట్ల వేసినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాయన చనిపోయిన ఏడాది, గాలిమరలు పెట్టే కంపెనీవాళ్ళు మా చేను అడిగారు. ఇచ్చేద్దామన్నాడు అన్న. ఇవ్వనంది అమ్మ. ఆ రోజు పొద్దున వాళ్ళిద్దరి మధ్య నేనున్నాను.

"మీ నాయన చెమట ఉండాది ఆ నేలలో" అంది అమ్మ.

"చెమట కారిస్తే మాత్రం తడిసిందేమా ఆ నేల? ఆయప్ప ఎండిపాయ, నేల గూడా ఎండిపాయ" అన్నాడు అన్న.

ఆ మాట అమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అమ్మకు ముందు నోరు లేస్తుంది, తర్వాత మనసు లేస్తుంది. ఆ గుణం మా ముగ్గురిలోనూ ఉంది. "పో. యాడికన్నా పో. ఇంక నీ మొగం నాకు చూపించొద్దు" అంది. అన్న గూటిలో ఉన్న ఫోను తీసుకుని, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా పోయాడు. రొట్టె కాలుతుండగానే పోయాడని అమ్మ చాలాకాలం చెప్పుకుంది, వాడి వాటా రొట్టె పెనం మీదే మాడిపోయిందని.

కొన్నాళ్ళు నాకు ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరు మూగబోయింది. లారీ యజమానిని అడిగితే వేరే బండిలోకి మారి ఉత్తరాదికి పోయాడన్నాడు. పోలీసులు రాసుకున్నారు. అలా తొమ్మిదేళ్ళు.

మొదటి ఏడాది చివర్లో ఒక మంగళవారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని గుడికి పోయింది. నవేనా అయిపోయి అందరూ రొట్టెల కోసం మెట్ల మీదికి పోయారు. అమ్మ సామి ముందు నిలబడి, ఇంట్లో మనిషితో పోట్లాడినట్టే పోట్లాడింది. "వానిది నోటి దూల, నాది నోటి దూల. నడుమ నువ్వు పెద్దమనిషివి కావా? అట్ల చూస్తా నిలబడుకుంటావా?" అని, బిడ్డను లాగేసింది. జానెడు బిడ్డ, ఒక చెయ్యి పైకెత్తి దీవిస్తున్నట్టు ఉంటాడు, ముక్కు కొస పెచ్చు లేచి ఉంటుంది. కొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది.

నాకు సిగ్గేసింది. బి.ఎడ్. చదివినదాన్ని కదా. "దేవునితో బేరమేందిమా?" అన్నాను.

"బేరం కాదే, కుదవ" అంది అమ్మ. "నా బిడ్డ ఇల్లు చేరేదాంక ఈయన నా దగ్గరే ఉంటాడు. బిడ్డ కనపడకుంటే ఎట్లుంటాదో ఆయప్పకూ తెలవాల."

ఎక్కడ దాచిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. సామి ఒట్టి చీలతో మిగిలిపోయాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. మల్లెపూల దండ చీలకు తగిలించేవారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు అంతోనివారంటే పూలదండ పట్టుకున్న సామి అనుకుని పెరిగారు.

మూడేళ్ళ కిందట అమ్మకు మరుపు మొదలైంది. తొలుత తాళంచెవి, తర్వాత పొయ్యి మీద పాలు, తర్వాత ఇంటిదారి. ఒకరోజు మా చేను గట్టు మీద కూర్చుని, మా చేను ఎక్కడని దారిన పోయేవాళ్ళను అడిగిందట. నేను పోయి తీసుకొచ్చాను. మా ఆయన ఉద్యోగం గుంతకల్లులో, ఆదివారాలే వస్తాడు. ఇంట్లో నేనూ అమ్మే. ఊరి నుంచి ఆమె వెంట వచ్చినవి ఒక బట్టల సంచి, జపమాల, తన చేత్తో బూరుగు దూది కూరి కుట్టుకున్న ఒక మురికి దిండు. ఆ దిండును ఉతకనివ్వదు, ఎండలో వేయనివ్వదు. పోనీలే అని నేనే ముక్కు మూసుకునేదాన్ని. అనంతపురంలో డాక్టరు సినిమా చూసినట్టు స్కాను చూసి, పోయింది రాదమ్మా, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. పోయినవి వెదికిపెట్టే సామి ఉన్న ఊరి మనిషికి రోజుకొకటి పోతుంటే, జాగ్రత్తగా చూసుకోవడమెలాగో ఆ డాక్టరు చెప్పలేదు. నా చేతిలో ఏమీ లేదని తెలిశాక నాకు అందరి మీదా కోపం వచ్చేది. ఎక్కువగా అన్న మీద.

పండుగకు నెలన్నర ముందు ఫాదర్‌గారు నన్ను వెంటబెట్టుకుని మా ఊరి గుడికి వచ్చారు. విగ్రహానికి రంగులు వేయించాలని దగ్గరికి పోయి, దండ తీసి చూశారు. "బిడ్డ ఏడండీ?" అన్నారు. గుడి తాళం పెట్టుకుని, జపాలు చెప్పించే ఉపదేశి తాత నా వైపు చూశాడు. నేను నేల చూశాను. చివరికి తాతే అంతా చెప్పాడు. ఫాదర్‌గారికి చేతిలో దండ అలాగే ఉంది. దాన్ని మళ్ళీ చీలకు తగిలించి, "సరే, కొత్త బిడ్డను చేయిద్దాం" అన్నారు.

"కొత్త బిడ్డను కూర్చోబెడితే పాత బిడ్డ గతేమి సామీ? ఆయమ్మ కొడుకు గతేమి?" అన్నాడు తాత. "అది అంతోనిసామికి, ఆయమ్మకు నడుమ ఉండే యవ్వారం. మనమెవురు దూరేదానికి?"

ఫాదర్‌గారు నన్ను పక్కకు పిలిచారు. "మీరు చదువుకున్నవారు. ఇది మూఢనమ్మకం కాదంటారా?" అని మెల్లగా అడిగారు. అవునండీ, మూఢనమ్మకమే అన్నాను. ఆ శనివారమే ఊరికి పోయి, మూతపడిన మా ఇంటి తాళం తీసి, బిడ్డ కోసం వెదకడం మొదలుపెట్టాను.

పోయే ముందు అమ్మను అడిగాను. "అమ్మా, సామి బిడ్డను యాడ పెట్టినావు?" ఒకరోజు జొన్నల గాదెలో ఉన్నాడంది. ఒకరోజు మీ అన్న ఎత్తుకుని తిరుణాలకు పోయినాడంది. ఇంకోరోజు నోటి మీద వేలు పెట్టుకుని, "ఇప్పుడే నిద్రపోయినాడు, అరవాకు" అంది. గాదెలో ఎలుకలు కొట్టిన గింజలున్నాయి. పొయ్యి వెనక గూటిలో నాయన కళ్ళజోడు ఉంది. అటక మీద కోళ్ళబుట్ట కింద అన్న పదో తరగతి హాల్‌టికెట్టు దొరికింది, ఫోటోలో మీసం కూడా రాలేదు. కుండలన్నీ దించాను, రోలు పక్కకు జరిపాను, దొడ్లో రెండుచోట్ల గడ్డపారతో తవ్వాను. ఎండకు కళ్ళు తిరుగుతుంటే దొడ్లోనే మట్టిలో చతికిలబడి ఏడ్చాను. బిడ్డ దొరకలేదనే కాదు. దొరికినా పెట్టాల్సిన చెయ్యికి ఆ పని గుర్తులేదు, రావాల్సిన మనిషి రాలేదు, నేను మాత్రం గడ్డపార పట్టుకుని ఉన్నాను.

ఆ మంగళవారం నేను కూడా సామి దగ్గరికి పోయాను. నీ బిడ్డే కదా, ఎక్కడున్నాడో నీకు తెలియదా, ఒక్క ముక్క నా చెవిన వెయ్యరాదా అన్నాను. ఆయన ఎప్పటిలాగే చీల చూపిస్తూ నిలబడ్డాడు. తిరిగి వస్తూ, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, చేతిరుమాలు చింపి ఒక పేలిక కిటికీ ఊచకు కట్టాను. మూఢనమ్మకమేనండీ అని చెప్పిన చెయ్యే కట్టింది.

పండుగ ఇంకో వారం ఉందనగా ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే మా ఆయన తీశాడు. "ఎవరో వచ్చారు, నిన్నడుగుతున్నారు" అన్నాడు. ఆయన అన్నను ఎప్పుడూ చూడలేదు. గడపవతల సంచి భుజాన వేసుకుని, నెరిసిన గడ్డంతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. "పాపా" అన్నాడు. నన్నలా పిలిచే గొంతు లోకంలో ఒకటే ఉంది.

ముందు నోరే లేచింది నాకు. "తొమ్మిదేళ్ళు యాడ సచ్చినావు అన్నా? ఒక ఫోను చేసేదానికి వేళ్ళు లేకపాయనా నీకు?" అన్నాను. అన్న సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. అప్పుడు చూశాను. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. నేను ఆ చెయ్యి పట్టుకుని గడప లోపలికి లాగాను. మా ఇంటి నోటికి ఎప్పుడు ఏది అనాలో ఎప్పటికీ తెలియదు.

విడపనకల్లు లారీ డ్రైవరు ఒకతను నాగపూర్ దగ్గర ఢాబాలో అన్నను గుర్తుపట్టి, మీ యమ్మకు మతి తప్పిందప్పా, ఉరవకొండలో మీ చెల్లెలింట్లో ఉండాది అని చెప్పాడట. ఆ రాత్రే బయల్దేరాడట. "ఇన్నేండ్లు ఎందుకు రాలేదు?" అన్నాను. "రావాలనే ఉండె. బస్టాండు దాంక వచ్చి మళ్ళుకుని పోయినా ఎన్నిసార్లో. మొగం చూపించొద్దనింది కదా పాపా" అన్నాడు. ఒక్క మాట ఇద్దరినీ తొమ్మిదేళ్ళు చెరో పక్కా కట్టేసింది.

గదిలోకి తీసుకుపోయాను. అన్న మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ పాదాలు పట్టుకున్నాడు. "మా, నేను వచ్చినా" అన్నాడు.

అమ్మ అన్నను తేరిపార చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఎవురప్పా నువ్వు? ఏ ఊరు మీది?" అంది మర్యాదగా.

"నీ కొడుకుని మా."

"నా కొడుకు రాలేదప్పా. వచ్చింటే సామి బిడ్డను ఇచ్చేసిందును కదా? ఇంకా నా దగ్గరే ఉండాడు" అంది. ఆ మాటలో తర్కం ఎక్కడా తప్పలేదు. మొగం చూపించొద్దని అప్పుడు అంది. ఇప్పుడు ఎదురుగా చూపించినా ఆమెకు కనబడటం లేదు. కోపంలో అన్న మాట ఇంత పొల్లుపోకుండా జరగాలా?

అన్న ఏడుపు గట్టిగా వచ్చేసింది. అమ్మ బెదిరి దిండును గుండెకు అదుముకుంది. "మెల్లగప్పా, బిడ్డ లేస్తాడు" అంది. ఓదార్చబోయి అన్న దిండు మీద చెయ్యేశాడు. వేసిన చెయ్యి తీయలేదు. నా చెయ్యి కూడా పట్టి అక్కడ పెట్టాడు. దూది లోపల గట్టిగా, జానెడు పొడుగున తగిలింది. పైకెత్తిన చెయ్యి కూడా వేళ్ళకు తెలిసింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెదికినట్టు, నేను గడ్డపారతో దొడ్డి తవ్వొచ్చాను. మూడేళ్ళుగా ఆ బిడ్డ నా ఇంట్లో, నేను ముక్కు మూసుకున్న దిండులో నిద్రపోతున్నాడు.

నేను కత్తెర తెచ్చాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు పాపా. ఆయమ్మ చెయ్యే తియ్యాల, ఆయమ్మ చెయ్యే పెట్టాల" అన్నాడు. ఇన్నేళ్ళు ఎక్కడెక్కడో తిరిగినవాడు ఊరి కట్టుబాటు మాత్రం మర్చిపోలేదు.

మంగళవారం దిండుతో సహా అమ్మను ఆటోలో ఊరికి తీసుకుపోయాం. కబురు తెలిసి ఊరంతా గుడి దగ్గరే ఉంది. ఫాదర్‌గారు కూడా మూఢనమ్మకం మాట ఎత్తకుండా తెల్ల అంగీ వేసుకుని నిలబడ్డారు. నాకు ఆశ పుట్టింది. సామి ముందు నిలబెడితే అమ్మకు అంతా తిరిగొస్తుందని, బిడ్డను పెట్టేస్తే కొడుకు గుర్తొస్తాడని, నా చదువంతా పక్కనబెట్టి నమ్మాను. ఆ నాలుగు పేజీలకు చివరి పేరా కూడా ఆటోలోనే అల్లుకున్నాను.

గుడిలోకి రాగానే అమ్మ నడక మారింది. సామిని గుర్తుపట్టింది. నన్ను గుర్తుపట్టని మనిషి ఆయన్ని గుర్తుపట్టింది. సిలువ గుర్తు వేసుకుని, కింద కూర్చుని, దిండు కుట్లు పంటితో కొరికి తెంపింది. దూదిలోంచి బిడ్డను తీసి, ముఖం మీద దూది పోగులు ఊదింది. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అన్న ఆమె మోచెయ్యి పట్టి లేపాడు. అమ్మ బిడ్డను చీల దాకా ఎత్తింది.

అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి అందరి ముఖాలూ వెదికింది. "నా కొడుకు యాడ?" అంది.

"ఈడనే ఉండా కదమ్మా" అన్నాడు అన్న.

"నువ్వు కాదప్పా" అంది అమ్మ జాలిగా. బిడ్డను దించి గుండెకు ఆనించుకుంది. "వాడు రాకముందే ఇచ్చేస్తే ఎట్ల? చేతికి బిడ్డ వచ్చినాక సామికి నా బిడ్డ యాడ గుర్తుంటాడు?"

అమ్మా, పెట్టండి, మీ అబ్బాయే ఈయన అని ఫాదర్‌గారు బతిమాలారు. ఎవరో ఆమె చెయ్యి పట్టి పెట్టించబోతే ఉపదేశి తాత వద్దని తలూపాడు. పట్టి పెట్టిస్తే అది ఆమె చెయ్యి కాదు. ఇంతమంది ఉన్నాం, పోయిన మనిషి ఎదురుగా ఉన్నాడు, పోయిన బిడ్డ ఎదురుగా ఉన్నాడు, చేయగలిగింది ఏమీ లేదు. నేను కిటికీ వైపు చూశాను. నేను కట్టిన పేలిక అక్కడే ఉంది. దాన్ని విప్పాలో వద్దో నాకు తెలియలేదు. ఇప్పటికీ విప్పలేదు, ఆ నాలుగు పేజీలూ ఇవ్వలేదు.

అమ్మ చూపు అన్న చేతి మీద పడింది. "వేళ్ళు ఏమాయె నాయనా?" అంది.

"బోరు మిషన్లో పోయినాయి మా."

"అయ్యో. మీ యమ్మ చూసిందా?"

అన్న ఆ చెయ్యి ఆమె ముందుకు చాపాడు. "చూసిందిమా. ఇప్పుడే" అన్నాడు.

"బోరు లారీనా నీది? నా కొడుకు గూడా బోరు లారీలోనే పోయినాడప్పా." అమ్మ బిడ్డను కొంగులో చుట్టి, చంకలో పెట్టుకుని, అన్నకు దగ్గరగా జరిగింది. మిగిలిన మూడు వేళ్ళనూ తన చేతిలోకి తీసుకుంది. "దేశాలన్నీ తిరిగేటోనివి, యాడన్నా కనపడితే ఒక మాట చెప్పు. మొగం చూపించొద్దంటిని, అది కోపంలో అన్న మాట. మీ యమ్మకు కోపం లేదు, వచ్చేయమనిందని చెప్పు. చెప్తావా?"

"చెప్తా మా."

"మర్చిపోవద్దప్పా."

"మర్చిపోను మా" అన్నాడు అన్న.